నలుపు కుదరలేదు

చీమకుర్తి రాయి నల్లన.
ఊరికే నల్లన కాదు,
చీకట్లో ఎవరో జరీ పొడి దులిపినట్టు
సన్న సన్న చుక్కలు.
ఆ చుక్కలకే రేటు.

పాలిషైన పలకని ఫొటో తీసి,
తెర మీద దిద్ది, కొనేవాళ్లకి పంపడం నా పని.
పోయిన నెల ఓడ దిగిన సరుక్కి పేచీ వచ్చింది.
ఫొటోలో ఉన్న బంగారం రాయిలో ఏదీ అని.
ఓనరు నా వైపు చూశాడు.
నేను తెర వైపు చూశాను.
నీలిమందు ఎక్కువైన పంచెలా ఉంది అది.
ఎప్పట్నుంచి అలా ఉందో,
అలవాటైన కంటికి తెలియక
రోజూ కాస్త పసుపు కలుపుతూ వచ్చాను.

వైరస్ పట్టి బిల్లులన్నీ పోయిన ఏడు
అద్దంకి నుంచి ఎజ్రా వచ్చి లినక్స్ ఎక్కించిపోయాడు.
"డబ్బులక్కర్లేదక్కా, ఓపిక ఉంటే చాలు."
ఎంత ఓపికో చెప్పలేదు.

ఒంగోల్లో స్టూడియో కాశింవలి దగ్గర
రంగులు కొలిచే బిళ్ల అద్దెకు తెచ్చాను, రోజుకి మూడొందలు.
కిటికీకి టార్పాలిన్ కట్టి, లైటు తీసేసి కూర్చుంటే
బిళ్ల గాజుకి బల్లిలా కరుచుకుంది.
దాని పొట్ట కింద
ఎరుపు, పచ్చ, నీలం,
తర్వాత బూడిద, ఇంకాస్త బూడిద, ఇంకా.
ముప్పావుగంట.
కరెంటు పోకూడదని పోలేరమ్మకి మొక్కుకున్నాను.

ప్రొఫైల్ తయారైంది. నలుపు దిగింది.
చుక్కలు ఎక్కడివక్కడ తేలాయి.
టీ తాగొచ్చేలోపు తెర కునుకు తీసింది.
లేపితే మళ్లీ నీలం.
నేను నేర్పిందేదీ దానికి గుర్తులేదు.

మర్నాడు ఇంకో వింత.
ఎడమ తెరకి కొలిచింది కుడి తెర తొడుక్కుంది.
రెండూ ఒకే కంపెనీ, ఒకే బిల్లు మీద కొన్నవి.
సీరియల్ నంబరు చూస్తే రెంటికీ సున్నాలే.

అప్పుడు నవ్వొచ్చింది.
మా హాజరు పుస్తకంలోనూ ఇద్దరు మాలకొండయ్యలు.
ఒకసారి పాలిష్ మాలకొండయ్య ఓవర్‌టైమ్
కటింగ్ మాలకొండయ్య ఖాతాలో పడింది.
సంగతి తేలేసరికి అతను మేకపిల్లని కొనేశాడు.
అప్పట్నుంచీ పేరు పక్కన పని రాస్తున్నాం.

తెరలకీ అదే చేశాను.
ఏ తీగ చివర ఉంటే అదే నీ పేరు.
నాలుగు లైన్లు రాసిపెట్టాను:
నిద్రలేచినప్పుడల్లా ఐదు సెకన్లు ఆగి
ఎవరి రంగు వాళ్లకి మళ్లీ చెప్పమని.
ఐదు సెకన్లెందుకంటే, కళ్లు నులుముకోవాలి కదా.

సాయంత్రం ఆరింటికి అంతా పసుపైంది.
ఏడుపొక్కటే తక్కువ.
ఎజ్రా ఫోన్‌లో తాపీగా అడిగాడు,
"రాత్రి కళ్లకి చలవని ఒక మీట ఉంటది,
అది ఆపావా అక్కా?"

ఇంక మిగిలింది ఫొటో.
ఏ రంగూ అంటని బూడిద కార్డొకటి
పలక పక్కన పెట్టి తీయాలట. రెండు వేలు.
ఓనరు వినిపించుకోలేదు.
పలక మీద చెంబుడు నీళ్లు కుమ్మరించి
తలొంచి చూస్తున్నాడు పాలిష్ మాలకొండయ్య.
తడిస్తేనే రాయి నిజం చెప్తదని అతని లెక్క.
వేలి కొస నుంచి మోచేతి దాకా
రాతిబురద ఎండి ఉంది.
"అన్నా, ఆ చెయ్యి ఇట్టా పెట్టు."

తెర మీద అతని మణికట్టు మీద నొక్కాను.
ఎరుపు నూట పద్దెనిమిది.
పచ్చ నూట పద్దెనిమిది.
నీలం నూట పద్దెనిమిది.
కార్డు కూడా ఇంత సరిగ్గా రాదు.
ముప్పయ్యేళ్ల సర్వీసు మనిషిలో
ఒక్క అంకె కూడా ఎరుపు వైపు మొగ్గలేదు.

ఫొటో కుదిరింది.
కొనేవాళ్ల తెర ఎలాంటిదో మనకి తెలీదు,
అది వాళ్ల ఖర్మ.
పలక వరకు ఉంచి
చెయ్యి కత్తిరించి పంపాను.

బయట కొళాయి దగ్గర
మాలకొండయ్య దగ్గుకుంటూ కడుక్కుంటున్నాడు.
మోచేతి నుంచి కిందికి
కొంచెం కొంచెంగా
రంగొస్తోంది.